నలభయ్యో కొక్కెం

గేటు పక్క గదిలో ఒక బల్ల, ఒక కుర్చీ, తల తిప్పడం మానేసిన ఒక ఫ్యాను, గోడకి ఒక పెద్ద చెక్క పలక. పలక మీద వరసకి ఇరవై చొప్పున పది వరసల కొక్కేలు. ఒక్కో కొక్కేనికి ఒక ఇత్తడి బిళ్ల, బిళ్ల మీద ఒక నంబరు. కొండెక్కే ప్రతి మనిషీ ఒక బిళ్ల తీసుకుని వెళ్లాలి, దిగి వచ్చాక తిరిగి ఇచ్చి వెళ్లాలి. సాయంత్రం ఐదింటికి ఏ కొక్కెం ఖాళీగా ఉంటే ఆ మనిషి ఇంకా కొండ మీద ఉన్నట్టు. ఆ ఉద్యోగంలో ఇంతకంటే పెద్ద శాస్త్రమేమీ లేదు. ఆ మాట బిళ్లలక్క ముందు అనకండి, ఊరుకోదు.

ఆమె అసలు పేరు హాజరు పట్టీలో ఉంది, అక్కడే ఉండిపోయింది. చిన్నా పెద్దా అందరికీ బిళ్లలక్కే. ఇక్కడికి రాకముందు పన్నెండేళ్లు ఒక సినిమా హాలు సైకిల్ స్టాండులో బిళ్లలిచ్చింది. ఆ పన్నెండేళ్లలో ఒక్క సైకిలు పోలేదు, ఒకరిది ఒకరికి మారలేదు. పోయింది హాలే. అది గోడౌనుగా మారిపోయాక ఆమెను ఈ గేటుకి తెచ్చి కూర్చోబెట్టింది సొంత తమ్ముడు. అతను ఈ అడవిలో మంటల సంగతి చూసే దళానికి మేస్త్రీ. తమ్ముడి ఉద్యోగం ఎప్పుడో ఖాయమైంది, అక్కది ఎనిమిదేళ్లుగా టెంపరరీయే. వచ్చే నెలలో పర్మనెంట్ ఆర్డరు వస్తుందని ఆఫీసులో గుమాస్తా చెప్పాడు. చెప్పి రెండుసార్లు టీ కూడా తాగాడు.

లెక్కపెట్టడం ఆమెకు ఉద్యోగం కాదు, ఊపిరి. ఇంట్లో బట్టల క్లిప్పులెన్నో, డబ్బాలకి మూతలెన్నో అడిగితే తడుముకోకుండా చెబుతుంది. ఆమె భర్త పుస్తకాలు కుట్టే బైండరు, నోట్లోంచి మాట ఊడిపడటమే అరుదు. ఆయన కూడా బావమరిది వచ్చినప్పుడు మాత్రం, "మీ అక్క గరిటెలకి కూడా హాజరు వేస్తుందయ్యా, జాగ్రత్త, నిన్నూ రాసేసుకుంటుంది" అని ఒక నవ్వు నవ్వుతాడు.

ఇక కొండ. నగరం అయిపోయి, ఆఖరి బస్సు మలుపు తిరిగి వెనక్కి వెళ్లిపోయే చోట మొదలవుతుంది. ప్రభుత్వపు భూమి, అంటే ఎవరిదీ కాదు, అంటే అందరిదీ. తెల్లవారుతూనే డాక్టరు నడవమన్నవాళ్లు వస్తారు, కాస్త ఎండెక్కాక ఎవరూ ఏమీ అనకపోయినా తాళ్లు పట్టుకుని బండలెక్కేవాళ్లు వస్తారు. లావు చక్రాల సైకిళ్లవాళ్లు, మెడలో బైనాక్యులర్లు వేలాడేసుకున్న పిట్టలవాళ్లు, పిల్లల్ని వెంటేసుకుని సగం ఇంటిని సంచుల్లో మోసుకొచ్చే సంసారులు. ఆదివారం నాడైతే కొత్త బూట్ల తోలు వాసన గేటు దాకా కొడుతుంది. వాళ్లందరినీ ఆమె విసుక్కుంటుంది, ఒక్కొక్కళ్లనీ కన్నబిడ్డల్లాగా లెక్కపెట్టుకుంటుంది.

వీళ్లందరిలోకీ ఆమెకు దగ్గరివాడు వాచీల బాబాయ్. నలభై ఏళ్లు వాచీలు బాగుచేసి, దుకాణం మూసేసిన పెద్దాయన. భూతద్దం బిగించి బిగించి కుడి కంటి చుట్టూ చిన్న గుంట పడిపోయింది. చేతికి వాచీ ఉండదు, జేబులో ఫోనుండదు. అదేమిటి బాబాయ్ అంటే, "జీవితమంతా ఊరివాళ్ల టైము మోశానమ్మా, ఇక నావల్ల కాదు" అంటాడు. పొడుగు మనిషి కావడంతో పై నుంచి రెండో వరస చివర ఉన్న నలభయ్యో కొక్కెం ఆయన చేతికి సరిగ్గా అందేది. ఆ బిళ్లే ఆయనకు అలవాటైంది.

కొండ దక్షిణం వాలులో ఒక వాగు గొంది ఉంది. గొందిలో ఒక రాతి పెదవి నుంచి ఏడాది పొడుగునా నీటిచుక్కలు పడుతుంటాయి. ఆయన వీలైనప్పుడల్లా అక్కడ కూర్చుని నిమిషానికి ఎన్ని చుక్కలో లెక్కపెడతాడు. వాచీ లేకుండా నిమిషం ఎలా తెలుస్తుందని అడిగితే నవ్వుతాడు. వానాకాలంలో నలభై, చలికాలంలో ఇరవై, ఎండలు ముదిరితే పన్నెండు. ఆ లెక్క ఆమెకు చెబుతాడు, ఆమె రిజిస్టరు అంచున పెన్సిలుతో రాస్తుంది. ఆఫీసువాళ్లకి ఆ అంకెలేమిటో తెలియదు. ఒకసారి ఆడిట్‌కి వచ్చినాయన అడిగితే, "వాతావరణం సార్" అని చెప్పింది.

ఆయన ఇల్లు కొండకి అవతల, పాత క్వారీ పక్కన. అటువైపు ఇనుప తలుపు ఒకటుంది. దాన్ని తోసుకుని బయటికి పోవచ్చు, బయటి నుంచి లోపలికి రాలేరు. కొండెక్కి అటు దిగితే పది నిమిషాల్లో ఇల్లు చేరతాడు. బిళ్ల ఇవ్వడం కోసం మళ్లీ గేటుకి దిగితే, అక్కడి నుంచి చుట్టూ తిరిగి ఇంటికి పోవడానికి గంట. ఆయన మోకాళ్లు అప్పటికే మొరాయిస్తున్నాయి. అందుకని ఆమె ఇక్కడ చేరిన ఏడాదే ఇద్దరూ ఒక ఒప్పందానికి వచ్చారు. ఆయన పొద్దున గేటులో కనబడగానే ఆమె నలభై బిళ్ల తీసి సొరుగులో పెడుతుంది. ఆయన బిళ్ల లేకుండా కొండెక్కుతాడు. పైన బోడిబండ గేటుకి నేరుగా కనబడుతుంది. అక్కడ నిలబడి తన పసుపుపచ్చ టోపీ తీసి మూడుసార్లు ఊపుతాడు. అటు దిగుతున్నానని అర్థం. ఆమె సొరుగులోంచి బిళ్ల తీసి కొక్కేనికి తగిలిస్తుంది.

ఇది ఎనిమిదేళ్ల పద్ధతి. ఒక్కరోజూ తప్పలేదు. ఇది తప్పని ఆమెకు తెలుసు. పెద్దాయన మోకాళ్లు కూడా తెలుసు. రెండూ తెలిసే చేసింది.

ఎండలు ముదిరేముందు దక్షిణం వాలులో ఎండుగడ్డిని తమ్ముడి దళమే కాలుస్తుంది. ఛాతీ ఎత్తు గడ్డి అది. వదిలేస్తే వేసవిలో ఎవడో పారేసిన సిగరెట్టు ముక్కకి కొండంతా అంటుకుంటుంది. అందుకని గాలి పడిపోయిన ఒక సాయంత్రం చూసి, తామే అంచుల నుంచి నిప్పు పెట్టి, తామే ఆర్పుకుంటూ వస్తారు. దానికో నియమం ఉంది. గేటులో రెండు వందల బిళ్లలూ చేరాలి. కొండ మీద ఎవరూ లేరని గేటు మనిషి కాగితం మీద సంతకం చేయాలి. ఆ మాట వైర్‌లెస్ సెట్టులో చెప్పాకే అగ్గిపుల్ల గీయాలి. నోటీసు వారం ముందు నుంచే గేటుకి అంటించి ఉంది. వాచీల బాబాయ్ దాన్ని కళ్లజోడు సర్దుకుని రెండుసార్లు చదివాడు, అందులో ఒక అక్షరదోషం కూడా పట్టుకున్నాడు.

మంట పెట్టే రోజున, ఈమధ్యే కొత్తగా వచ్చిన ఆఫీసరమ్మ స్వయంగా కాపలా మంచె ఎక్కి కూర్చుంది. చిన్న వయసు, కాగితం అంటే కాగితమే అనే మనిషి. మధ్యాహ్నం గేటుకి వచ్చి పలకంతా చూసి, "బాగుందండీ మీ లెక్క" అంది. బిళ్లలక్క ఆ మాటని మడతపెట్టి ఇంటికి తీసుకెళ్లి భర్తకి చెప్పాలనుకుంది.

నాలుగూ పదికి ఒక సైకిలు కుర్రాడు బిళ్ల పారేసుకుని వచ్చాడు. జేబులో వెతుకు, సంచిలో వెతుకు, బూటులో వెతుకు అని ఆమె వాణ్ణి దులిపేస్తోంది. "ఇవాళే పారేసుకోవాలా నాయనా, మంట పెట్టే రోజే దొరికిందా నీకు?" అంటూ ఎందుకో తలెత్తి చూసింది. బోడిబండ మీద పసుపుపచ్చగా ఊగింది. సరే, బాబాయ్ దిగుతున్నాడు అనుకుంది. సొరుగు లాగి, నలభై బిళ్ల తీసి, తగిలించి, మళ్లీ కుర్రాడి వైపు తిరిగింది. బిళ్ల వాడి సైకిలు సీటు కింద దొరికింది.

ఎన్నిసార్లు ఊగింది? మూడా, నాలుగా, ఏడా? బతుకంతా లెక్కపెట్టిన మనిషి ఆ ఒక్కటీ లెక్కపెట్టలేదు.

నాలుగున్నరకి సైరన్ తిప్పింది. చేత్తో తిప్పే పాతకాలపు సైరన్ అది. ఒక్కసారి పొడుగ్గా మోగితే దిగిరమ్మని, మూడు పొట్టి కూతలు వరసగా మోగితే ఆపద అని. ఆ మూడు కూతలు మోగించే అవసరం ఆమెకు ఎన్నడూ రాలేదు. జనం దిగుతున్నారు. కొక్కేలు నిండుతున్నాయి. ఐదింటికి మూడే ఖాళీ. నూటపది, నూటపదకొండు, నూటపన్నెండు. ముగ్గురు కాలేజీ ఆడపిల్లలు. ఐదూ పదికి కాళ్లీడ్చుకుంటూ వచ్చారు. వాళ్లలో ఎర్ర బూట్ల పిల్ల మొహం కందిపోయి ఉంది.

"సైరన్ వినబడలేదా అమ్మా మీకు? పైన పెళ్లిచూపులేమైనా జరుగుతున్నాయా?" అని మూడు బిళ్లలూ లాక్కుని తగిలించింది. ఒకటి నుంచి రెండు వందల దాకా వేలు పెట్టి చూసుకుంది. కాగితం మీద టైము వేసి సంతకం చేసింది. సెట్టు తీసింది.

"తమ్ముడూ."

"చెప్పక్కా."

"రెండు వందలూ వచ్చాయి."

"సంతకం?"

"పెట్టాను."

"సరే. మేం లోయలోకి దిగుతున్నాం. అక్కడ సెట్టు పలకదు, తెలుసుగా. ఐదున్నరకి అంటిస్తాం. నువ్వు గేటు వేసేసి టీ తాగు."

ఆమె కిటికీ తలుపు వేయబోయింది. బయట బెంచీ మీద ఎర్ర బూట్ల పిల్ల నీళ్లు తాగి, సంచిలోంచి ఏదో తీసి విసురుకుంటోంది. పసుపుపచ్చ టోపీ. గడ్డం కింద కట్టుకోవడానికి దానికి రెండు వైపులా తోలు పట్టీలు కుట్టి ఉన్నాయి. పాత చేతి గడియారం పట్టీలు, బకిల్‌తో సహా. అలాంటి టోపీ లోకంలో రెండోది లేదు.

బిళ్లలక్క గదిలోంచి బయటికి ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు.

"ఆ టోపీ ఎక్కడిదమ్మా?"

పిల్ల ఉలిక్కిపడి లేచింది. "అయ్యో, మర్చేపోయానాంటీ. ఒక తాతగారిచ్చారు. పైన రేకుల షెడ్డు దగ్గర నాకు కళ్లు తిరిగితే ఎండలో ఇలా వెళ్లొద్దని ఇచ్చారు. గేటు దగ్గర బిళ్లలక్కకి ఇచ్చేయమన్నారు. మీరేనా?"

"ఇంకేమన్నాడు?"

"టోపీ నీ దగ్గరుంది కాబట్టి నేను ఊపలేను, ఇవాళ గేటు దాకా వస్తానని చెప్పు అన్నారు. నాకేం అర్థం కాలేదు. పెద్దాయన కదా, ఏదో అంటున్నారనుకున్నాను."

"ఎప్పుడు?"

"మూడున్నర అయ్యుంటుంది."

"బోడిబండ మీద నుంచి టోపీ ఊపింది నువ్వా?"

"కింద ఉన్న మా ఫ్రెండ్స్ కోసం. ఏమైందాంటీ?"

షెడ్డు నుంచి గేటుకి దక్షిణం వాలు మీదుగా ముప్పావు గంట. ఎంత మెల్లగా నడిచినా గంట. నాలుగున్నరకి రావలసిన మనిషి. ఇప్పుడు ఐదూ ఇరవై. ఆయన తన మాట తాను నిలబెట్టుకున్నాడు, టోపీ లేని రోజున గేటుకే బయల్దేరాడు. పైగా కబురు కూడా పంపాడు.

గదిలోకి పరిగెత్తి బాబాయ్ ఇంటికి ఫోను చేసింది. ఆయన భార్య ఎత్తింది.

"ఇంకా రాలేదమ్మా. ఏం, అక్కడే కబుర్లు చెబుతున్నారా? త్వరగా పంపు."

"పంపుతాను పిన్నీ" అని పెట్టేసింది.

సెట్టులో తమ్ముణ్ణి పిలిచింది. గరగర తప్ప ఏమీ లేదు. మళ్లీ పిలిచింది. లోయలోకి దిగిపోయారు.

ఇప్పుడు ఒక మాట చెప్పాలి. ఆ క్షణంలో బిళ్లలక్కకి ఒక ఆలోచన వచ్చింది. రాలేదని ఆమె తరవాత ఎవరికీ చెప్పలేదు, వచ్చిందనే చెప్పింది. పలక నిండుగా ఉంది. సంతకం ఉంది. బాబాయ్ మనసు మార్చుకుని వెనక దారినే దిగి, క్వారీ దగ్గర ఎవరితోనో మాట్లాడుతూ నిలబడి ఉండొచ్చు. మూడు కూతలు మోగిస్తే అది రిజిస్టరుకెక్కుతుంది. బిళ్ల ఎవరు తగిలించారని అడుగుతారు. ఎనిమిదేళ్లుగా ఎలా తగిలిస్తున్నావని అడుగుతారు. వచ్చే నెల ఆర్డరు సంగతి సరే, ఈ కుర్చీయే ఉండదు. సైకిలు తీసుకుని లోయలోకి పోయి తమ్ముడి చెవిలో చెబితే? పావుగంట పడుతుంది. ఉన్నది ఏడు నిమిషాలు.

గోడ గడియారం చూసింది. అది కూడా బాబాయ్ బాగుచేసిందే.

చెయ్యి చాచి నలభయ్యో కొక్కెం నుంచి బిళ్ల తీసింది. కాగితం మీద తన సంతకానికి అడ్డంగా గీత కొట్టి, బిళ్లని దాని మీద పెట్టింది. బయటికొచ్చి సైరన్ పిడి పట్టుకుంది. ఒకటి. రెండు. మూడు. ఆగి, మళ్లీ మూడు.

సెట్టులో ఆఫీసరమ్మ గొంతు. "గేటు, ఏమిటిది? ఏమైంది?"

"మనిషున్నాడమ్మా. దక్షిణం వాలులో."

"అన్ని బిళ్లలూ వచ్చాయన్నారు కదా."

"నలభై రాలేదు. నేనే తగిలించాను."

బిళ్లలక్క ఒక చేత్తో సెట్టు పట్టుకుని, రెండో చేత్తో మళ్లీ పిడి తిప్పింది.

"సైరన్ ఆపకండి" అంది ఆఫీసరమ్మ. "కింద ఒక మూల అప్పుడే అంటించారు. నాకు పొగ కనబడుతోంది."

బిళ్లలక్క తలెత్తి చూసింది. వాలు అడుగున, చెట్ల తలల మీద, తెల్లగా ఒక చార లేస్తోంది. తమ్ముడు ఎప్పుడూ చెప్పిన టైము కంటే ఐదు నిమిషాలు ముందే ఉంటాడు. చిన్నప్పుడు బడికి కూడా అంతే.

"ఇలా రా" అని ఎర్ర బూట్ల పిల్లని పిలిచింది. "ఇది పట్టుకో. మూడు తిప్పు, ఆపు, మళ్లీ మూడు తిప్పు. నేను వచ్చేదాకా మానకు."

"చేతులు నొప్పెడితే?"

"ఏడుస్తూ తిప్పు."

యాభై రెండేళ్ల మనిషి. ఎనిమిదేళ్లు కొండ కాళ్ల దగ్గర కూర్చుంది గాని కొండెక్కింది నాలుగైదు సార్లే. చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని వాలెక్కింది. గడ్డి ఆమె గొంతు దాకా ఉంది, ఎండిపోయి తాకితే గలగలమంటోంది. పొగ వాసన ముందు పల్చగా, తరవాత గట్టిగా వచ్చింది. "బాబాయ్" అని అరిచింది. దగ్గు వచ్చింది. మళ్లీ అరిచింది. వెనక నుంచి సైరన్ కూస్తూనే ఉంది, మధ్య మధ్య లెక్క తప్పి నాలుగు కూస్తోంది.

సగం దూరంలో తమ్ముడు ఎదురొచ్చాడు. మొహం నిండా మసి. వెనక దళం వాళ్లు తడిపిన గోనెలతో నేలని కొడుతున్న చప్పుడు.

"అక్కా, ఎవరు?"

"వాచీల బాబాయ్."

"ఆయన బిళ్ల వచ్చింది కదా."

"రాలేదు. నేనే పెట్టాను రా. టోపీ చూసి పెట్టాను."

తమ్ముడు ఆమె మొహంలోకి చూశాడు. తన కుడిచేతి వైపు ఒకసారి చూసుకుని, "నా చేత్తో అంటించానక్కా" అన్నాడు. "కింద మూల యాభై అడుగులు అంటుకుంది. ఆర్పుతున్నారు. గాలి తిరిగితే నిలవదు. ఎక్కడున్నాడు ఆయన?"

ఎక్కడుంటాడు? దారి మీదుంటే ఈపాటికి కనబడాలి. ఆమె కళ్లు మూసుకుంది. రిజిస్టరు అంచున పెన్సిలు అంకెలు కనబడ్డాయి. నిన్న పదమూడు. మొన్న పధ్నాలుగు. ఇవాళ ఇటుగా దిగుతూ ఆ లెక్క వదిలేసి వస్తాడా ఆయన?

"గొంది" అంది. "చుక్కల రాయి."

తమ్ముడికి అర్థం కాలేదు. ఆమె అప్పటికే అడ్డంపడి నడుస్తోంది. వాలు అంచున నేల హఠాత్తుగా దిగిపోయింది. రాళ్ల మీద కూర్చుని, జారి, అరచేతులు చెక్కుకుపోయి, అడుగుకి చేరింది. పొగ అక్కడ ఇంకా చిక్కగా ఉంది, బరువుగా కిందికే దిగుతోంది.

వాచీల బాబాయ్ చుక్కల రాయికి వీపు ఆనించి కూర్చుని ఉన్నాడు. ఎడమ పాదం రెండు బండల మధ్య ఇరుక్కుని, చీలమండ గుమ్మడికాయంత వాచిపోయింది. జేబురుమాలు తడిపి ముక్కుకి కట్టుకున్నాడు. ఆమెను చూసి రుమాలు కిందికి లాగి నవ్వాడు.

"వచ్చావా తల్లీ. ఇవాళ పన్నెండే. ఎండలు ముదిరాయి."

తమ్ముడు దూకి, చేతిలోని గడ్డపార సందులో పెట్టి రాయి కదిపాడు. పాదం బయటికొచ్చింది. బాబాయ్ పళ్లు బిగించి, తరవాత ఊపిరి వదిలాడు.

"అరిచాను కాసేపు. ఈ గొందిలోంచి మాట పైకి పోదు. సరేలే, తొందరేముంది అని కూర్చున్నాను."

"తొందరేముందా?" అన్నాడు తమ్ముడు. "పొగ రావట్లేదా మీకు?"

"వచ్చింది. ఎవరో ఆకులు తగలబెడుతున్నారనుకున్నాను. మీరు కాదని తెలుసు. నలభయ్యో కొక్కెం ఖాళీగా ఉండగా మీ అక్క అగ్గిపుల్ల గీయనిస్తుందా? ఐదింటికి పలక చూసుకుంటుంది, నా కోసం వస్తుంది. అంతే కదా. ఆ ధైర్యంతోనే కూర్చున్నాను."

తమ్ముడు అక్క వైపు చూశాడు. ఇక్కడ మాట మింగేయొచ్చు. పెద్దాయన్ని మోసుకుపోయి, ఆ తృప్తితోనే ఇంటికి పంపేయొచ్చు. బిళ్లలక్క ఆయన ఎదురుగా రాళ్ల మీద కూలబడింది.

"కొక్కెం ఖాళీగా లేదు బాబాయ్."

"అంటే?"

"నాలుగూ పదికే తగిలించేశాను. ఆ పిల్ల నీ టోపీ ఊపుతుంటే నువ్వే అనుకున్నాను. అన్నీ వచ్చాయని సంతకం పెట్టాను. వీడికి అంటించమని చెప్పింది నేనే. ఆ పొగ మనదే."

బాబాయ్ ఆమెను చూశాడు. తలెత్తి గొంది పై అంచున వంగి ఉన్న ఎండుగడ్డిని చూశాడు, దాని మీదుగా పోతున్న పొగని చూశాడు.

"మరి ఎలా వచ్చావు?"

"నీ టోపీ గేటుకొచ్చింది."

ఆయన తలూపాడు. రుమాలు మడతపెట్టబోయాడు. మడత కుదరలేదు. వెంట్రుకంత స్ప్రింగుని పట్టుకారుతో పట్టి నలభై ఏళ్లు నిలబెట్టిన చేతులవి. అవి వణకడం మొదలుపెట్టాయి. వేళ్ల దగ్గర మొదలై మోచేతుల దాకా, తరవాత గడ్డం కూడా. రెండు గంటలు రాని భయం ఆయనకి అప్పుడొచ్చింది. బిళ్లలక్క ఆ రెండు చేతులూ తన చేతుల మధ్య పెట్టుకుని గట్టిగా పట్టుకుంది. అవి ఆగలేదు. ఆమెకి కూడా ఏడుపు ఆగలేదు.

మంట ఆరిందని పై నుంచి కేక వినబడింది. నల్లగా కాలిన చార గొందికి అరవై అడుగుల దూరంలో ఆగిపోయింది.

గుడ్డ స్ట్రెచరు మీద ఆయన్ని గేటుకి దించేసరికి పొద్దు వాలింది. ఎర్ర బూట్ల పిల్ల ఇంకా సైరన్ తిప్పుతూనే ఉంది. ఏడుస్తూనే తిప్పింది. ఆమె స్నేహితురాళ్లు వచ్చి చెయ్యి విడిపించాల్సి వచ్చింది. ఆంబులెన్సు బస్సు మలుపు దగ్గరికి వచ్చిందని ఎవరో చెప్పారు.

ఆఫీసరమ్మ గదిలో బల్ల దగ్గర నిలబడి ఉంది. గీత కొట్టిన సంతకం, దాని మీద బిళ్ల, రెండూ ఉన్నచోటే ఉన్నాయి.

"ఎన్నాళ్లుగా?" అని అడిగింది.

"ఎనిమిదేళ్లండీ."

"ఎనిమిదేళ్లుగా ఈ పలక అబద్ధం."

"ఆ ఒక్క కొక్కెమే అమ్మా" అంది బిళ్లలక్క. తన మాట తనకే సిగ్గేసింది. తల వంచుకుంది.

"నేను రాయాలి. ఉన్నదున్నట్టు రాస్తాను. మీ ఆర్డరు ఆగిపోతుంది. ఈ కుర్చీ ఉంటుందో లేదో కూడా చెప్పలేను." ఆఫీసరమ్మ గొంతు కఠినంగానే ఉంది. కాని కలం తీసి చేత్తో పట్టుకుని కూడా వెంటనే రాయలేదు. "ఏడు నిమిషాలున్నాయి మీకు. సైరన్ తిప్పకుండా ఊరుకుంటే ఎవరికీ తెలిసేది కాదు."

"నాకు తెలుసు కదమ్మా."

ఆఫీసరమ్మ రాయడం మొదలుపెట్టింది. ఆ నెల ఆర్డరు రాలేదు. మరుసటి ఏడాది కూడా రాలేదు. కుర్చీ మాత్రం ఉంది. వెనక దారి ఇనుప తలుపుకి తాళం పడింది.

అవన్నీ తరవాతి సంగతులు. ఆ సాయంత్రం స్ట్రెచరు గది ముందు నుంచి పోతుంటే వాచీల బాబాయ్ ఆపమన్నాడు.

"నా బిళ్ల ఇలా ఇవ్వు."

"ఆసుపత్రికి పోవాలి బాబాయ్, ఇప్పుడెందుకు?" అన్నాడు తమ్ముడు.

"ఇవ్వమను."

బిళ్లలక్క బల్ల మీది నుంచి బిళ్ల తీసి ఆయన చేతిలో పెట్టింది. ఎనిమిదేళ్లలో ఆయన చెయ్యి దాన్ని తాకడం ఎన్నోసారో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. స్ట్రెచరు ఇరుకు తలుపులోంచి వంకరగా లోపలికొచ్చింది.

"కాస్త పైకెత్తండి నాయనా" అన్నాడు.

తమ్ముడూ ఇంకొకడూ భుజాల దాకా ఎత్తారు. ఆయన చెయ్యి చాచాడు. చెయ్యి ఇంకా వణుకుతోంది, బిళ్ల రంధ్రం కొక్కేనికి రెండుసార్లు తప్పింది. సాయం చేయబోయిన తమ్ముణ్ణి బిళ్లలక్క కళ్లతోనే ఆపింది. మూడోసారికి పడింది. ఇత్తడి చెక్కకి తగిలి చిన్న చప్పుడు చేసింది.

స్ట్రెచరు వెళ్లిపోయాక ఆమె పలక ముందు నిలబడి, ఒకటి నుంచి మళ్లీ లెక్కపెట్టింది.